రేకు పిల్లనగ్రోవి

తాత పిల్లనగ్రోవిని పోగొట్టింది నేనే. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆరో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను, అందులో కూడా రాయలేదు. ఆ రోజు పేజీ తీస్తే "ఈరోజు ఎండ బాగా కొట్టింది. తెలుగు నోట్సు పూర్తి చేశాను" అని మాత్రమే ఉంటుంది. అమ్మకు చదువు రాదు, బాపుకు రాదు. నా డైరీ తెరిచి చూసేవాళ్ళే లేరు. అయినా రాయలేకపోయాను.

అది వెదురుది కాదు, రేకుది. జానెడు కంటే కొంచెం పొడవు ఉండేది. రేకును గుండ్రంగా చుట్టి, అంచులు కలిసిన చోట మాటు పెట్టి, పై కొనలో చెక్క బిరడా బిగించి చేసింది. ఆ బిరడాకు ఒక పక్క సన్నటి సందు. ఊపిరి ఆ సందులోంచి పోయి కింద ఉన్న చిన్న కోతకు తగిలి మోగేది. అడ్డంగా పట్టుకునే వెదురు పిల్లనగ్రోవిని పలికించాలంటే పెదవులకు నేర్పు కావాలి. దీన్ని నోట్లో పెట్టుకొని ఊదితే చాలు. ఆ తేడా ఎంతటిదో పదకొండేళ్ళప్పుడు నాకు తెలియదు.

మాది రామన్నపేట దగ్గర ఒక ఊరు. గొర్రెలు కాసే ఇల్లు. తాత నుంచి బాపుకు మంద వచ్చింది, మందతో పాటు పిల్లనగ్రోవి వచ్చింది, దానితో పాటు పిలుపు వచ్చింది. ఒక్కో ఇంటి మందకు ఒక్కో పిలుపు ఉంటుంది. మాది ఒక పొడుగు, రెండు పొట్టి, ఆ తర్వాత కిందికి జారే ఇంకొకటి. మూడు నాలుగు మందలు ఒకే బీడులో కలగలిసి మేస్తున్నా, పొద్దు వాలేటప్పుడు బాపు బండ మీద నిలబడి ఆ పిలుపు ఊదితే మా గొర్రెలు మాత్రమే తలలెత్తి, మిగతా వాటిలోంచి విడిపడి వచ్చేవి. తాత బాపును అన్నానికి కూడా ఆ పిలుపుతోనే పిలిచేవాడట. బాపు నన్నూ అట్లాగే పిలిచేవాడు. నేను చెరువు గట్టున ఉన్నా, పక్కింట్లో పాత పేపర్లు చదువుకుంటూ ఉన్నా, అది వినబడితే ఇంటికి నడిచేదాన్ని.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నన్ను రామన్నపేట బడిలో వేశారు. సీతాఫలాల కాలం. ఒక మధ్యాహ్నం బాపు మందను ఆ దారిన తోలుకుంటూ వచ్చాడు. నాకోసం గుట్ట మీద కోసిన సీతాఫలాలు తుండులో కట్టుకొని తెచ్చాడు. గేటు లోపలికి రావడానికి ఆయనకు మొహమాటం. నా సిగ్గు ఆయన నుంచి వచ్చిందే. ఎవరినీ అడగలేక గోడ అవతల నిలబడి పిల్లనగ్రోవి తీసి ఊదాడు. ఒక పొడుగు, రెండు పొట్టి.

అది నాకోసమేనని నాకు తెలుసు. నేను కదల్లేదు. ఆయన మళ్ళీ ఊదాడు. మా బెంచీ అమ్మాయి కిటికీలోంచి చూసి, గొంగడి వేసుకున్న మనిషిని, వెనుక రోడ్డంతా నిండిన గొర్రెలను చూసి, పకపకా నవ్వింది.

"ఓ గొర్రెపిల్లా, నిన్నే పిలుస్తుండే మీ బాపు! పోవే, దొడ్లకు పో!"

వెనుక బెంచీ నుంచి ఎవరో "మే… మే…" అన్నారు. ఆ తర్వాత తరగతంతా అన్నది. నేను బయటికి పోయి సీతాఫలాలు తీసుకొని వచ్చాను. బాపు ముఖం చూడలేదు. ఆ సంవత్సరమంతా నేను తరగతిలో అడుగు పెడితే ఎవరో ఒకరు "మే" అనేవారు.

ఆ ఆదివారం పాత సామాన్లు కొనే అతను సైకిల్ మీద వచ్చాడు. అతని సంచుల్లో పాత పుస్తకాలు ఉంటాయని, అతను వచ్చినప్పుడల్లా నేను పోయి చూసేదాన్ని. ఆ రోజు అట్ట లేని కథల పుస్తకం ఒకటి కనిపించింది. మొదటి పేజీలు కొన్ని చిరిగిపోయి ఉన్నాయి. నిలబడే రెండు పేజీలు చదివాను.

"కావాల్నా? ఊకెనే ఇయ్య. ఇంట్ల రేకు సామానేమన్న ఉంటే తే," అన్నాడు.

బాపు అన్నం తిని పడుకున్నాడు. పిల్లనగ్రోవి గూట్లో ఉంది. లంగా మడతలో దాచి తెచ్చాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది మోగుతదా?"

"లేదు. పాడైంది," అన్నాను.

అతను దాన్ని నేల మీద పెట్టి చెప్పుకాలితో తొక్కాడు. రేకు డబ్బాలను తొక్కినట్టే, సంచిలో జాగా ఎక్కువ పట్టకుండా. అది మడత పడేటప్పుడు బిరడా ఊడి పక్కకు దొర్లింది. దాన్ని కూడా తీసుకోలేదు నేను.

మర్నాడు పొద్దున బాపు వెతికాడు. నిన్న గుట్ట మీద కొమ్మలు నరికేటప్పుడు రొంటి నుంచి జారిపోయి ఉంటుందని ఆయనే అనుకున్నాడు. మూడు రోజులు గుట్ట మీద సీతాఫలం పొదలన్నీ వెతికాడు. ఒక రోజు నన్ను కూడా తీసుకుపోయాడు. "నీ కండ్లు మంచిగ కనవడ్తయి బిడ్డా, జర చూడు," అన్నాడు. నేను కూడా వెతికాను. పొదలు పక్కకు జరిపి, రాళ్ళ కింద చూసి, చేతులు గీరుకుపోయేదాకా వెతికాను.

ఆ తర్వాత పదేళ్ళు బాపు పెదవులతో ఈల వేసి మందను పిలిచాడు. అదే పిలుపు. గొర్రెలు అలవాటు పడ్డాయి. పాత గొర్రెలు పోయి కొత్తవి వచ్చాయి. పిల్లనగ్రోవి సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయారు. ఆ కథల పుస్తకం మాత్రం నా పెట్టెలో ఉంది. దాని పేరేమిటో, ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు.

డిగ్రీ అయ్యాక చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో చేరాను. సీసాల మీద లేబుళ్ళు వంకరగా ఉన్నాయేమో చూడటం నా పని. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. అందుకే నచ్చింది.

నిరుడు శ్రావణంలో ఒక పొద్దున బాపు మందను విప్పబోయి తడిక దగ్గరే కూలబడ్డాడు. నల్లగొండ దవాఖానలో పదిహేను రోజులు ఉన్నాం. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఎడమకు లాక్కుపోయింది. ఇంటికి వచ్చాక కర్ర పట్టుకొని నాలుగడుగులు వేయడం వచ్చింది. ముద్దముద్దగా నాలుగు మాటలు వచ్చాయి. ఈల మాత్రం రాలేదు. ఒక రోజు అరుగు మీద ఒక్కడే కూర్చొని ప్రయత్నిస్తుంటే చూశాను. గాలి పెదవుల పక్క నుంచి పోయింది, చొంగ కారింది. నన్ను చూసి తుండుతో తుడుచుకున్నాడు.

మందను చిన్నబాపు తన మందతో కలిపి తోలుకుపోయేవాడు. ఆయన బాపుకు తమ్ముడు. నోరు ఎక్కువ, మనసు మంచిది. నెల రోజుల్లోనే విసిగిపోయాడు.

"వదినా, నా పిలుపుకు నా గొర్లొస్తయి. మీయి ఆడ్నే నిలవడి నన్ను సర్కస్ల బఫూన్ని చూసినట్టు చూస్తయి. రెండుపార్లు మందిచేనుల పడ్డయి. పత్తి చేనోడు నా అంగి పట్టిండు. కార్తీకంల నేను మందను తోలుకొని కిష్ణ దిక్కు పోవాలె. మీయి నాతోని కావు."

"అమ్ముదాం. ఇంకేం జేస్తం," అంది అమ్మ.

బాపు తల అడ్డంగా ఊపాడు. ఆయన మాట కోసం అందరం ఆగాం. చాలాసేపు పట్టింది.

"నాయిన… పిల్లంగోవి… ఉంటే." ఎడమ చేతిని గుండె మీద పెట్టుకున్నాడు. "ఊపిరి… ఉంది." మందను ఇంటి పక్క బీడులోనే మేపుకుంటూ, అరుగు మీద నుంచే పిలుచుకోవచ్చని ఆయన ఆశ.

"ఉంటే ఏం లాభం, గుట్టల పడగొట్టుకొని వస్తివి గద," అంది అమ్మ.

బాపు తల దించుకున్నాడు. నేను అన్నం గిన్నె పట్టుకొని అక్కడే నిలబడి ఉన్నాను. చెప్పాల్సిన క్షణం అది. నేను వంటింట్లోకి పోయి గిన్నె దించి వచ్చి, "నేను తెస్త బాపూ, అట్లాంటిదే," అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపును బట్టి, నేను తెస్తానని ఆయన నిజంగానే నమ్మాడని అర్థమైంది. అమ్మ మాత్రం, "కార్తీకం దాకనే," అంది.

ఆ మాట అన్నప్పుడు అది ఇంత కష్టమని నాకు తెలియదు. రేకుతో చేసిన వస్తువు, ఎక్కడో ఒక చోట దొరక్కపోతుందా అనుకున్నాను.

మొదట నల్లగొండ పోయాను. బజారులో డోళ్ళు, సన్నాయిలు అమ్మే దుకాణం ఒకటి ఉంది. నోట్లో పెట్టుకొని ఊదేది కావాలని అడగడానికే దుకాణం ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. అతను రంగులు వేసినది ఒకటి తీసి ఇచ్చాడు.

"ఊది చూడమ్మా."

లోపల ఇద్దరు మగవాళ్ళు డోలు బేరం చేస్తున్నారు. "వద్దు, కట్టియ్యండి," అన్నాను.

"ఊదకుంట తీస్కపోతే మల్ల వాపస్ తీస్కోను."

"సరే అండి."

ఇంటికి తెచ్చి బాపు నోటికి అందిస్తే బుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు. బిరడా వదులుగా ఉంది, ఒక రంధ్రం సగమే పడింది. ఒక్కసారి ఊది ఉంటే అక్కడే తెలిసేది. బాపు నాలుగైదుసార్లు ఊది, తప్పు తనదే అన్నట్టు నా వైపు చూసి, పక్కన పెట్టాడు.

జాతరలో ప్లాస్టిక్‌వి దొరికాయి. ఆ తర్వాత ఫోన్లో వెతికి, వేరే దేశం వాళ్ళు ఊదే రేకు పిల్లనగ్రోవి ఒకటి తెప్పించాను. ఫోటోలో అచ్చం తాతదానిలాగే ఉంది. అట్టపెట్టెలో మెత్తటి కాగితం చుట్టి వచ్చింది. మూతి మాత్రం ఆకుపచ్చ ప్లాస్టిక్. ఆరు రంధ్రాలు. బాపుకు ఒక్క చెయ్యే. పై మూడు మూస్తే కింది మూడు తెరిచే ఉంటాయి. పిలుపులో కిందికి జారే ఆఖరిది రానే రాలేదు. వచ్చిన స్వరం కూడా సన్నగా, పదునుగా ఉంది. దొడ్డిలో గొర్రెలు ఒకసారి తలలెత్తి మళ్ళీ మేతలో పెట్టుకున్నాయి.

చిన్నబాపు తడిక మీద చేతులు వేసి నిలబడి విన్నాడు. "గొర్లు గాదన్నా, దీనికి గోరింకలొస్తయి," అన్నాడు. బాపు కూడా నవ్వాడు, వంకర మూతితో. ఆ నవ్వు చూడలేక నేను లోపలికి పోయాను. కాసేపటికి చిన్నబాపు నా వెనుకే వచ్చాడు. ఎగతాళి చేసినందుకు ఆయనకు బాధ అనిపించినట్టుంది.

"నాయిన దాన్ని జడ్చర్లల చేపిచ్చిండు బిడ్డా. మందను తోలుకొని ఆ దిక్కు పోయినప్పుడు. మార్కెట్ యెన్క గల్లీల రేకుల పని చేసే సాయిబు ఉండె. బతికున్నడో లేడో. అప్పటికే మీసాలు తెల్లగైనయి."

ఆ ఆదివారమే హైదరాబాద్‌లో బస్సు మారి జడ్చర్ల పోయాను. డైరీలో ఆ పొద్దున "ఈరోజు దొరుకుతుంది" అని రాసి పోయాను. ఆ గల్లీలో ఇద్దరిని అడిగాను. నాకది చాలా పెద్ద పని. మూడో మనిషి చూపించాడు. ముందు భాగంలో ఆయన కొడుకు షట్టర్లకు వెల్డింగ్ చేస్తున్నాడు. వెనుక రేకు సందుగ పెట్టెల మధ్య, కళ్ళద్దాలకు దారం కట్టుకొని, ముసలాయన కూర్చొని గరాటుకు అంచు మడుస్తున్నాడు.

విషయం చెప్పాను. ఆయన చేతిలో పని ఆపాడు.

"పిల్లంగోవా! గది చేసి శాన ఏండ్లైతాంది బిడ్డా. ఇప్పుడు గొర్లోళ్ళు కూడ ఫోన్ల పాటలు వెట్టుకొని తిరుగుతుండ్రు. ఎవరడుగుతరు?" అని కాసేపు నా చెప్పుల వైపు చూశాడు. "చేస్త. గని ఇప్పటి రేకు పల్చన, మూల్గుతది. పాత గాసునూనె డబ్బా ఉంటే తే. మీ బాపుకు ఏ చెయ్యి నడుస్తది?"

"ఎడమది."

"అయితే మూడు పొక్కలే. రెండు మీద, ఒకటి కింద బొటనేలికి. ఫికర్ చెయ్యకు. పిలుపేంది మీది? అను."

నాకు అర్థం కాలేదు.

"కొల్చి పొక్కలు పెడ్తరనుకున్నవా? పిలుపు ఇంటేనే ఏడ పొక్క పడాల్నో తెలుస్తది. మీ తాత గిట్లనే నా ముంగట నిలవడి ఈలేసిండు. నువ్వు ఈల వెయ్యకున్న సరే, గొంతుతోని అను."

దుకాణంలో కూలర్ స్టాండు కొనడానికి వచ్చిన ముగ్గురు ఉన్నారు. చాయ్ తాగుతూ నా వైపే చూస్తున్నారు. ఆ పిలుపు నాకు తెలియకపోవడమేమిటి? నిద్రలో అడిగినా చెప్పగలను. నోరు తెరిచాను. "మే… మే…" అని ఎవరో అనబోతున్నట్టు అనిపించింది. పదేళ్ళ కిందటి ఆ తరగతి గది మొత్తం గొంతులోకి వచ్చి కూర్చుంది.

"నాకు రాదు," అన్నాను. "బాపును అడిగి వస్త."

"మీ బాపుకు మూతి పడ్డదంటివి గద బిడ్డా?"

ఆయన కొంచెంసేపు చూసి గరాటు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "సరే. యాదికొస్తే రా," అన్నాడు.

ఇంట్లో డబ్బా కావాలని మాత్రమే చెప్పాను. అమ్మ పెసర్లు పోసుకున్న పాత డబ్బాను ఖాళీ చేసి, బూడిదతో తోమి, గుడ్డతో తుడిచి ఇచ్చింది. అమ్ముదాం అన్న మనిషి అంత శ్రద్ధగా తోముతుంటే నాకు ఏడుపు వచ్చింది. వారమంతా స్నానం చేసేటప్పుడు నల్లా విప్పి, ఆ నీళ్ళ చప్పుడులో పిలుపును గొంతుతో అని చూసుకున్నాను. నీళ్ళు ఉంటే బాగానే వచ్చేది.

రెండో ఆదివారం డబ్బాను సంచిలో పెట్టుకొని బయలుదేరాను. హైదరాబాద్ బస్టాండులో జడ్చర్ల బస్సు ఎదురుగా నిలబడి ఉంది. కండక్టరు "జడ్చర్ల, జడ్చర్ల" అని అరుస్తున్నాడు. ఎక్కలేదు. ఇంకొకటి వచ్చింది. అదీ ఎక్కలేదు. బెంచీ మీద కూర్చొని ఒక పుస్తకం చదివి, సాయంత్రం ఇంటి బస్సు ఎక్కాను. ఇంట్లో "దుకాణం బంద్ ఉంది" అని చెప్పాను. ఆ తర్వాతి ఆదివారం అసలు బయలుదేరనే లేదు. ఆ రోజు కూడా బంద్ ఉంటుందని ఎవరో చెప్పారన్నాను. బాపు తల ఊపాడు. డైరీలో ఆ రెండు ఆదివారాల పేజీలు ఖాళీగా ఉన్నాయి.

ఆ వారం మా గొర్రెలు మళ్ళీ పత్తి చేనులో పడ్డాయి. చిన్నబాపు ఇంటికి వచ్చి ఈసారి అరవలేదు, తిట్టలేదు. నీళ్ళు తాగి, "సోమారం పోతున్న వదినా," అన్నాడు అంతే.

ఆదివారం పొద్దున అమ్మ టిఫిన్ కట్టి ఇస్తూ అంది: "ఇయ్యాల ఆఖరు. గొర్ల బేరగాడు వస్తనన్నడు. పొద్దుగాల వస్తడో, పొద్దుమూకి వస్తడో తెల్వదు. నువ్వు తెస్తే ఆయనను ఎల్లగొడ్త. తేకపోతే నాతోని కాదు."

ఆ రోజు జడ్చర్ల బస్సు ఎక్కాను.

ముసలాయన డబ్బాను వేలితో కొట్టి చూసి, చెవి దగ్గర పెట్టుకొని, "అసల్ మాల్," అన్నాడు. మళ్ళీ అడిగాడు. "యాదికొచ్చిందా?"

వెల్డింగ్ చప్పుడు పెద్దగా ఉంది. దాని చాటున అనేయవచ్చు అనుకొని నోరు తెరిచాను. ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకొని కొడుకు వైపు తిరిగి అరిచాడు.

"అరె, జర బంద్ చెయ్యిరా! బిడ్డ పాడుతాంది!"

గల్లీ అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. కొడుకు ముఖం మీది ముసుగు పైకెత్తి చూశాడు. సందుగ కొనడానికి వచ్చిన ఒకాయన కూడా చూశాడు. నేను గోడ వైపు తిరిగి, వరుసగా పేర్చిన సందుగలకు ఎదురుగా నిలబడి అన్నాను. ఒక పొడుగు, రెండు పొట్టి, కిందికి జారే ఒకటి.

"ఇంకోపారి."

మళ్ళీ అన్నాను. మూడోసారి ఆయన అడగకముందే అన్నాను.

"మంచిగనే ఉంది గద గొంతు! గింత దానికి గోడ దిక్కు తిరుగుడేందమ్మా?" అన్నాడు సందుగ బేరగాడు.

"నువ్వు నీ తాళం చూస్కో," అన్నాడు ముసలాయన. ఎవరూ "మే" అనలేదు. ఎవరూ అనరని మొదటి ఆదివారం నాడు కూడా నాకు తెలిసి ఉండాల్సింది.

ఆయన డబ్బా పక్కను కత్తిరించి, ఇనుప కడ్డీ చుట్టూ చెక్క సుత్తితో మెల్లగా కొడుతూ చుట్టాడు. మాటు పెట్టాడు. టేకు ముక్కను బిరడాగా చెక్కి, నోట్లో తడిపి, బిగించాడు. ఒక పొక్క పెట్టి ఊదాడు, ఆకురాయితో రుద్దాడు, మళ్ళీ ఊదాడు. మధ్యలో రెండుసార్లు "అను" అన్నాడు, నేను అన్నాను. చివరికి ఎడమ చేత్తో పట్టుకొని ఊదితే మా పిలుపు వచ్చింది. గొర్రెల కంటే ముందు అది నాకు తెలిసింది. తాతది ఎంత లోతుగా మోగేదో ఇదీ అంతే లోతుగా మోగింది.

తీసి ఇస్తుంటే సంచి తెరిచాను. ఆయన ఇవ్వలేదు.

"ఊది చూడకుంట నా దుకాణం దాటనియ్య."

ఊదాను. అందరి ముందు.

బస్సులో సంచిని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. హైదరాబాద్‌లో, చౌటుప్పల్‌లో, దారి పొడవునా రోడ్డు మీద గొర్రెలు ఉన్న బండి ఎదురవుతుందేమోనని చూశాను. ఎదురుకాలేదు. అది మంచి గుర్తు అనుకున్నాను. ఊరి దగ్గర దిగేసరికి పొద్దు వాలుతోంది. మా వాకిట్లో డీసీఎం వ్యాను టైర్ల గుర్తులు ఉన్నాయి. దొడ్డి తడిక తెరిచి ఉంది.

"మధ్యాహ్నమే ఎక్కిచ్చిండ్రు," అంది అమ్మ. చీపురు పట్టుకొని దొడ్డి ఊడుస్తోంది. ఊడవాల్సిన అవసరం లేకపోయినా ఊడుస్తోంది. "గాయన గా రెండు ఆదివారాలు దుకాణం బంద్ వెట్టకపోతే పని అయిపోతుండె. మనకే గిట్ల అయితది."

చేయని తప్పుకు బాపు పదేళ్ళు మాట పడ్డాడు. ఇప్పుడు ఆ ముసలాయన పడ్డాడు.

బాపు అరుగు మీద ఉన్నాడు. ఇచ్చాను. ఎడమ చేత్తో తీసుకొని బొటనవేలితో మాటు వెంబడి పైనుంచి కిందికి తడిమాడు. పొక్కలు వెతుక్కున్నాడు. మూడే ఉన్నాయని తెలిసి నా వైపు చూశాడు. నోట్లో పెట్టుకొని, వంకర పెదవులు దాని చుట్టూ మూసి, ఊదాడు.

నేను అప్పటికే కాళ్ళు కడుక్కోవడానికి వెనక్కి తిరిగి రెండడుగులు వేశాను. కాళ్ళు వాటంతట అవే అరుగు వైపు నడిచాయి. దొడ్డి మూల నుంచి, కుంటుతుందని బేరగాడు వదిలేసిన ముసలి గొర్రె ఒకటి లేచి వచ్చింది. అరుగు కింద నిలబడి బాపు చేతిని వాసన చూసింది. చేతిలో ఆకు లేదు. వెనక్కి పోయి పడుకుంది. బాపు మళ్ళీ ఊదలేదు.

నాలుగు రోజుల తర్వాత, గురువారం పొద్దున నేను కంపెనీకి బయలుదేరుతున్నాను. ఆ పొద్దున చెప్పేద్దామని అనుకొని లేచాను. రాత్రంతా మనసులో అనుకొని పెట్టుకున్నాను కూడా, మొదటి వాక్యం ఎలా అనాలో. అరుగు దగ్గర ఆగాను. "బాపూ, తాత పిల్లంగోవి…" అన్నాను. రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది. ఆగిపోయాను.

ఆ మధ్యాహ్నమే పక్కింటి వాళ్ళ దగ్గర నుంచి కంపెనీకి ఫోన్ వచ్చింది. రెండోసారి వచ్చిన పక్షవాతం ఆ నాలుగు మాటలను కూడా తీసుకుపోయింది. ఆ తర్వాత బాపు ఎవరితోనూ ఏమీ అనలేదు. కార్తీకం దాటలేదు.

కాబట్టి ఆయన నాతో అన్న చివరి మాట ఆ పొద్దున అన్నదే. నేను సగంలో ఆపిన మాటకు జవాబుగా, పక్కన తుండులో చుట్టి పెట్టుకున్న పిల్లనగ్రోవిని తీసి, ఎడమ చేత్తో నా చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, ఒక్కో మాటను కూడదీసుకుంటూ అన్నాడు:

"పైలంగ దాచిపెట్టు బిడ్డా. నా లెక్క… పోగొట్టకు."